బుల్లి రైళ్ళ ప్రశ్నలు జవాబులు: ఈసారి చెయ్యి సిగ్నళ్ళు, వాటికి కరెంటు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు తిరగేస్తే ఎక్కువమంది అడిగింది ఒకటే, చెయ్యి సిగ్నల్, అంటే స్తంభం మీద చెయ్యి ఎక్కుతూ దిగుతూ ఉండే సెమాఫోర్, దాన్ని మన బుల్లి రైళ్ళ బోర్డు మీద కరెంటుతో ఎలా ఆడించాలి అని. కలర్ లైట్ సిగ్నల్ అయితే ఎల్‌ఈడీ పెట్టి స్విచ్ వేస్తే పనైపోయింది, ఇది అలా కాదు, ఇందులో కదిలే సామాను ఉంది, అదీ మిల్లీమీటర్ల లెక్కలో. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను, ప్లాట్‌ఫారాల గురించీ కంకర అంటించడం గురించీ అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి మరి.

ప్రశ్న (విశాఖపట్నం): సార్, మా బావగారు లండన్ నుంచి వస్తూ లోయర్ క్వాడ్రంట్, అంటే చెయ్యి కిందకి దిగే రకం సిగ్నల్ ప్లాస్టిక్ కిట్ ఒకటి తెచ్చారు, ఓఓ స్కేలు. అంటించి రంగేసి బోర్డు మీద నిలబెట్టాను, కింద నా దగ్గరున్న రెండు కాయిల్స్ పాయింట్ మోటర్ (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింట్ ని కదిలించేది) బిగించి తీగ కలిపాను. బటన్ నొక్కితే టక్కున కొట్టుకుంటుంది, కొన్నాళ్ళకి చెయ్యి దగ్గర పిన్ను ఊడిపోయింది. మళ్ళీ అంటించాను, మళ్ళీ ఊడింది. మోటర్ మార్చాలా, కిట్టే పనికిరాదా?

జవాబు: కిట్ తప్పేం లేదండీ, మోటర్ తప్పు కూడా కాదు, దాని పనే వేరు. ఆ మోటర్ కి 16 వోల్టుల ఏసీ ఇస్తే మూడు ఆంపియర్లు పైనే లాగి లోపలి ఇనప కడ్డీని రెప్పపాటులో అవతలికి విసిరేస్తుంది, పాయింట్ బ్లేడు కింద ఉన్న స్ప్రింగుని దాటించాలంటే ఆ దెబ్బ కావాలి. సిగ్నల్ కి అంత దెబ్బ ఎందుకు? లెక్క చూడండి. ఓఓ లో అసలు అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు, కాబట్టి 4 అడుగుల చెయ్యి మీ బోర్డు మీద 16 మిల్లీమీటర్లే. ఆ చెయ్యిని 45 డిగ్రీలు వంచాలంటే తీగ రెండు మిల్లీమీటర్లు కదిలితే చాలు, మహా అయితే మూడు. మోటర్ కడ్డీ మాత్రం అంతకు రెండింతలు పైనే కదులుతుంది, ఆ మిగిలిన కదలికంతా ఎక్కడికి పోవాలి, పాపం ఆ పిన్ను మీదకే.

మోటర్ మార్చే ముందు ఒక పని చెయ్యండి, ఇది నేను అందరికీ చెప్పేదే, ఎవరూ వినరు. బోర్డు కిందకి దిగిన తీగని మోటర్ నుంచి విప్పేసి వేలితో కొంచెం పైకెత్తి వదలండి. చెయ్యి దానంతటదే, ఎక్కడా పట్టుకోకుండా, తీగ బరువుకే వెనక్కి రావాలి. రాలేదంటే ఏ మోటర్ పెట్టినా దండగే. చాలా కిట్లలో పట్టేసేది రంగు, చెయ్యికి ఎర్ర రంగు వేసేటప్పుడు పిన్ను తిరిగే బెజ్జంలోకి కూడా పోయి గట్టిపడుతుంది, సన్నటి డ్రిల్ బిట్ ని వేళ్ళ మధ్య పట్టుకుని చేత్తో తిప్పి ఆ రంగు గీకెయ్యండి. నూనె వెయ్యొద్దు, దుమ్ము పట్టి జిగురైపోతుంది, పెన్సిల్ ముల్లు గీకిన పొడి చాలు. తీగ 0.3 నుంచి 0.45 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ గానీ స్టీలు తీగ గానీ వాడండి, అంతకన్నా లావు తీగ అయితే కిట్ లోని చిన్న క్రాంకులనే విరిచేస్తుంది. సన్నతీగని పైకి తోస్తే వంగిపోతుంది కాబట్టి బోర్డు మందం దాటే చోట ఒక ఇత్తడి ట్యూబు ముక్క పెట్టి అందులోంచి దించండి.

ఇప్పుడు మోటర్ సంగతి. నా ఓటు సర్వోకి, అంటే చెప్పినంత కోణం తిరిగి అక్కడే ఆగే మోటర్ కి. ఎస్‌జీ 90 అని నీలం రంగు బుల్లి సర్వో, 9 గ్రాముల బరువు, 5 వోల్టులతో నడుస్తుంది, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఏ కొట్లో అయినా ఇస్తారు, ఆన్‌లైన్ లో అయితే చెప్పక్కర్లేదు. దాని తెల్ల చెయ్యికి వరసగా బెజ్జాలుంటాయి కదా, మధ్య స్క్రూ నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బెజ్జంలో తీగ తగిలిస్తే సర్వో 30 డిగ్రీలు తిరిగినప్పుడు తీగ సుమారు 3 మిల్లీమీటర్లు కదులుతుంది, మీకు కావాల్సింది సరిగ్గా అంతే. దూరం బెజ్జంలో పెడితే అదే 3 మిల్లీమీటర్ల కోసం సర్వో పదీ పదిహేను డిగ్రీలే తిరగాలి, అప్పుడు నడక గరుగ్గా వస్తుంది.

సర్వోని ఆడించడానికి ఆర్డుయినో లాంటి బుల్లి కంప్యూటర్ బోర్డు, దానికి కోడు కావాలి, అవి పడనివాళ్ళకి టార్టాయిస్ లాంటి స్లో మోషన్ మోటర్ ఉంది. 12 వోల్టుల డీసీ, ఈ చివర నుంచి ఆ చివరకి మూడు సెకన్లు తీసుకుంటుంది, చివరికి పోయి ఆగిపోయినా కరెంటు అలాగే ఉంచెయ్యొచ్చు, 15 మిల్లీఆంపియర్లే లాగుతుంది, కాలదు. ప్లస్ మైనస్ తిరగేస్తే వెనక్కొస్తుంది కాబట్టి ఆరు కాళ్ళ డీపీడీటీ స్విచ్ ఒకటి చాలు. సిగ్నల్ కి దాన్ని 9 వోల్టుల మీద పెడితే ఇంకా నిదానంగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. దాని కదలిక కూడా మనకి ఎక్కువే, అందుకని తీగ మధ్యలో గుర్రపునాడా ఆకారంలో ఒక వంపు తిప్పండి, ఎక్కువైన తోపు ఆ వంపులో కలిసిపోతుంది, పిన్ను మీదకి రాదు.

మెమరీ వైర్ అని ఇంకోటి ఉంది, నైటినాల్ తీగ, కరెంటు పోతే వేడెక్కి నాలుగు శాతం దాకా కుంచించుకుంటుంది, ఆపితే చల్లారి సాగుతుంది. 0.1 మిల్లీమీటర్ తీగకి 200 మిల్లీఆంపియర్లు చాలు. అసలు చప్పుడే ఉండదు, కదలిక చాలా అందంగా ఉంటుంది, రామగుండం ఎండల్లో కూడా భయం లేదు, అది పనిచేసేది 70 డిగ్రీలు దాటాకే. కానీ 3 మిల్లీమీటర్ల కదలికకి 75 మిల్లీమీటర్ల పైన తీగ కావాలి, వెనక్కి లాగే స్ప్రింగు కావాలి, కరెంటు కొంచెం ఎక్కువైతే తీగ పాడైపోతుంది. మొదటి సిగ్నల్ కి వద్దు.

ఇంకో ముక్క, సిగ్నల్ నీ సర్వోనీ రెంటినీ ఒకే చిన్న ప్లేటుకి బిగించి ఆ ప్లేటుని బోర్డులో కోసిన కన్నంలోకి పైనుంచి దించండి, అంటించకండి. రిపేరొస్తే మొత్తం పైకి తీసి బల్ల మీద పెట్టుకుని చేసుకోవచ్చు, లేకపోతే బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి నోట్లో పెట్టుకుని చెయ్యాలి, మన వయసులో అదేం సరదా కాదు.

ప్రశ్న (కాజీపేట): నేను కేబిన్ లో లీవర్లు లాగి రిటైరైన వాణ్ణి. మా మనవడు బుల్లి సిగ్నల్ చేశాడు, సర్వో పెట్టాడంట. బాగానే ఉంది గానీ చెయ్యి వాచీ ముల్లులా ఒకటే స్పీడులో దిగుతుంది, ఒకటే స్పీడులో ఎక్కుతుంది. మా సిగ్నళ్ళు ఏనాడూ అట్లా కదల్లేదు. ఏం తేడానో వాడికి చెప్పలేకపోతున్నా, మీరన్నా చెప్పండి.

జవాబు: బాబాయ్ గారూ, ఈ నెల వచ్చిన వాటిల్లో అసలైన ప్రశ్న మీదే. మీకు తెలియనిది కాదు, మనవడి కోసం రాస్తున్నాను. కేబిన్ లో లీవర్ లాగినప్పుడు కదిలేది ముందు చెయ్యి కాదు, వందల మీటర్ల తీగ. పుల్లీల మీద వేలాడుతున్న ఆ తీగలో వదులంతా బిగిసే దాకా సిగ్నల్ దగ్గర ఏమీ జరగదు, తర్వాత చెయ్యి కొంచెం ఉలిక్కిపడినట్టు కదిలి ఒక్క క్షణం ఆగి, లీవర్ చివరి లాగుడికి మొత్తం దిగుతుంది, దిగి కొసన చిన్నగా ఊగుతుంది. వెనక్కి వేసేటప్పుడు కథ వేరు, లీవర్ వదిలితే తీగ వదులవుతుంది, స్తంభం దగ్గర ఉన్న బరువు కిందపడుతుంది, చెయ్యి ఆ బరువుకి గబుక్కున ఎగిరి అడ్డంగా వచ్చి ఆపు దగ్గర కొట్టుకుని ఒకటి రెండుసార్లు ఎగిరి పడి నిలబడుతుంది. దిగడం మనిషి చేతిలో, ఎక్కడం బరువు చేతిలో, అందుకే రెండూ ఒకలా ఉండవు.

ఇప్పుడు మనవడికి లెక్కలు. బాబూ, కోడులో డిగ్రీలు రాయకు, సర్వోకి పంపే కరెంటు పల్స్ ఎంతసేపుండాలో మైక్రోసెకన్లలో రాయి, ఒక డిగ్రీ అంటే సుమారు 10 మైక్రోసెకన్లు. అడ్డంగా ఉన్నప్పుడు 1500 అనుకో, 30 డిగ్రీలు తిరిగాక 1810 దగ్గరకొస్తుంది. దించేటప్పుడు 1500 నుంచి 1550 దాకా మెల్లగా పోనిచ్చి పావు సెకను ఆపు. తర్వాత 10 చొప్పున పెంచుకుంటూ 1830 దాకా పోయి మళ్ళీ 1810 కి రా. ఒక్కో అడుగుకీ మధ్య 50 మిల్లీసెకన్లు ఇస్తే మొత్తం మీద సుమారు రెండు సెకన్లు పడుతుంది, చూడ్డానికి సరిపోతుంది. పది కంటే చిన్న అడుగులు వేసి లాభం లేదు, ఎస్‌జీ 90 కి అంతకన్నా చిన్న తేడా అసలు పట్టదు. ఎక్కించేటప్పుడు అర సెకనులో నేరుగా 1500 కి వచ్చెయ్యి, వెంటనే 1550 కి జారి మళ్ళీ 1500, తర్వాత 1520, మళ్ళీ 1500. ఆ చివరి రెండు గెంతులతోనే అది సిగ్నల్ లా కనిపిస్తుంది. దూరంగా ఉండే సిగ్నల్ కి మధ్యలో ఆగే టైము కొంచెం ఎక్కువివ్వు, తీగ పొడుగు కదా. అన్నిటికీ ఒకే అంకెలు పెడితే పరేడ్ చేస్తున్నట్టుంటాయి.

కోడు రాయలేనివాళ్ళకి, ఇంగ్లండ్ లో 1967 నుంచి నడుస్తున్న మెర్గ్ అనే మోడల్ రైల్వే ఎలక్ట్రానిక్స్ క్లబ్బు వాళ్ళు సర్వో 4 అని బోర్డు చేశారు, నాలుగు సర్వోలు తగిలించుకోవచ్చు, ఈ ఎగిరిపడటం కూడా అందులో సెట్ చేసుకోవచ్చు, కాకపోతే మెంబర్లకే ఇస్తారు. మీ ఇంట్లో ఆ బోర్డు అక్కర్లేదు లెండి. మీరు పక్కన కుర్చీ వేసుకుని "ఇంకొంచెం లేటు, ఆ ఇప్పుడు పడాలి" అని చెప్తుంటే వాడు అంకెలు మారుస్తాడు, మీ కంటికి నచ్చిన చోట ఆపెయ్యండి.

ప్రశ్న (కాకినాడ, ఇంజనీరింగ్ స్టూడెంట్): అన్నా, ఆర్డుయినో నానో తో నాలుగు సర్వో సిగ్నల్స్ పెట్టా. మూడు ప్రాబ్లమ్స్. స్విచ్ ఆన్ చేయగానే అన్ని చేతులూ ఒకసారి పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. ఊరికే ఉన్నప్పుడు గుయ్యిమని సౌండ్. రెండు సిగ్నల్స్ ఒకేసారి కదిలితే నానో రీసెట్ అవుతోంది.

జవాబు: వెనక నుంచి వద్దాం తమ్ముడూ. సర్వోలకి కరెంటు నానో 5 వోల్టుల పిన్ను నుంచే ఇస్తున్నావు కదూ, అందుకే. ఎస్‌జీ 90 ఎక్కడైనా బిగుసుకుందంటే ఒక్కటే 600, 700 మిల్లీఆంపియర్లు లాగుతుంది, కంప్యూటర్ యూఎస్‌బీ ఇచ్చేదే 500, వోల్టేజి పడిపోయి నానో మూర్ఛపోతుంది. పాత మొబైల్ చార్జర్, 5 వోల్టులు 2 ఆంపియర్లది, సర్వోలకి విడిగా పెట్టు, దాని మైనస్ నీ నానో గ్రౌండ్ నీ కలపడం మర్చిపోకు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, గ్రౌండ్ కలవకపోతే సర్వోకి పల్స్ అర్థం కాదు. సర్వోల దగ్గర్లో ప్లస్ మైనస్ ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వెయ్యి.

గుయ్యిమనే సౌండు ఎందుకంటే తీగ ఎక్కడో సర్వోని తోస్తోంది, అది వెనక్కి తోస్తోంది. ముందు తీగ సరిచెయ్యి, తర్వాత కదలిక అయిపోయిన అర సెకనుకి కోడులో సర్వోని డిటాచ్ చేసెయ్యి, పల్స్ ఆగిపోతుంది, లోపలి గేర్ల బిగువుకే చెయ్యి ఉన్నచోట ఉంటుంది, ఇంత తేలిక సామానుకి అది చాలు.

ఆన్ చేయగానే కొట్టుకోవడం మొండి రోగం, పూర్తిగా పోదు. కోడులో అటాచ్ లైన్ కంటే ముందే మైక్రోసెకన్ల లైన్ రాసి పెట్టు, అప్పుడు మొదటి పల్స్ సరైన చోటిదే వెళ్తుంది, 90 డిగ్రీలకి గెంతడం తగ్గుతుంది. అప్పటికీ కొట్టుకుంటే సర్వోల ప్లస్ వైరుని ఒక రిలే (కరెంటుతో ఆడే స్విచ్) గుండా ఇచ్చి, నానో లేచి పల్స్ లు మొదలెట్టిన ఒక సెకను తర్వాత ఆ రిలే వేసేలా పెట్టు. అలాగే రాత్రి ఆపేముందు అన్ని సిగ్నళ్ళూ డేంజర్ కి, అంటే ఆగు అని చెప్పేలా అడ్డంగా, వేసి ఆపు, పొద్దున కోడు కూడా డేంజర్ నుంచే మొదలవ్వాలి, రెండూ ఒకే చోట ఉంటే గెంతడానికి దూరమే ఉండదు.

ప్రశ్న (రెడింగ్, ఇంగ్లండ్): ఇక్కడ డేపాల్ కంపెనీ రెడీమేడ్ మోటర్ సిగ్నల్ కొన్నానండీ. మామూలు ఆన్ ఆఫ్ స్విచ్ పెడితే ఒకసారి కదిలి ఆగిపోతోంది.

జవాబు: దానికి కాలింగ్ బెల్ లాంటి పుష్ బటన్ పెట్టాలి. ఒకసారి నొక్కి వదిలితే దిగుతుంది, మళ్ళీ నొక్కి వదిలితే ఎక్కుతుంది. ఎరుపు, నలుపు వైర్లు కరెంటుకి, పసుపు వైర్లు రెండూ బటన్ కి మాత్రమే, పసుపు వాటికి పొరపాటున కరెంటు తగిలిందా లోపలి బోర్డు పోయినట్టే. చెయ్యిని వేలితో తిప్పి చూడకండి. మీ ఊరు గ్రేట్ వెస్టర్న్ లైను కదా, మిగతా బ్రిటిష్ కంపెనీలన్నీ 1920 ల నుంచి పైకి ఎత్తే చేతులకి మారిపోయినా వాళ్ళు మాత్రం కిందకి దిగేదాన్నే పట్టుకుని కూర్చున్నారు, మీ లేఅవుట్ ఆ ఏరియాదే అయితే లోయర్ క్వాడ్రంట్ కొన్నారో లేదో చూసుకోండి.

ప్రశ్న (నెల్లూరు): సిగ్నల్ కిట్ లో ఎరుపు అద్దం పక్కన ఆకుపచ్చకి బదులు నీలం ఇచ్చారు. తప్పు పంపారా? నేను తెల్ల ఎల్‌ఈడీ పెడితే నీలంగానే కనిపిస్తోంది.

జవాబు: తప్పేం పంపలేదు, చాలా కరెక్టుగా పంపారు. అసలు సిగ్నల్ లో వెనక వెలిగేది కిరసనాయిలు దీపం, దాని వెలుగు పసుపు. పసుపు వెలుగు నీలం అద్దంలోంచి వస్తే డ్రైవర్ కి ఆకుపచ్చగా కనపడుతుంది, ఆకుపచ్చ అద్దమే పెడితే పసుపు కలిసి పాలిపోయేది. మీరు పెట్టింది కూల్ వైట్ ఎల్‌ఈడీ, అందులోనే నీలం ఎక్కువ, నీలానికి నీలం తోడైంది. వార్మ్ వైట్ పెట్టండి, లేదా ఉన్నదాని మొహాన పసుపు గ్లాస్ పెయింట్ ఒక చుక్క పెట్టండి, సరిపోతుంది.

దాంతోపాటు వెలుగు కూడా తగ్గించండి. 12 వోల్టుల మీద ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 9 మిల్లీఆంపియర్లు వెళ్ళి సినిమా హాలు ఫోకస్ లైటులా ఉంటుంది. 4.7 కిలో ఓమ్ పెట్టండి, రెండు మిల్లీఆంపియర్లు కూడా వెళ్ళవు, దీపం దీపంలాగా ఉంటుంది, ఇంకా ఎక్కువనిపిస్తే 10 కిలో ఓమ్. 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ లావు, 0603 సైజు ఎస్‌ఎండీ తీసుకుని ఫ్యాన్ వైండింగ్ షాపులో దొరికే సన్నటి ఎనామిల్ తీగ సోల్డర్ చేసి స్తంభం వెంట దించి రంగేస్తే తీగ కనపడదు. దీపం డబ్బా వెనక వైపు గుండుసూది బెజ్జం ఒకటి పెట్టండి, సిగ్నల్ డేంజర్ లో ఉందని కేబిన్ వాళ్ళకి రాత్రి పూట తెలిసేది వెనక కనిపించే ఆ చిన్న తెల్ల చుక్కతోనే, చెయ్యి దిగితే ఒక రేకు అడ్డొచ్చి అది మూసుకుపోతుంది. ఇది ఎవరూ చెయ్యరు, చేస్తే మాత్రం రాత్రి లైట్లు ఆపి చూసుకుంటే భలే ఉంటుంది.

ప్రశ్న (నంద్యాల, టీచర్): మా నాన్నగారు మీటర్ గేజ్ రోజుల్లో స్టేషన్ మాస్టర్. ఆయన పనిచేసిన చిన్న స్టేషన్ మోడల్ చేస్తున్నాను. నెట్ లో చూస్తే కొన్ని చేతులు పైకి, కొన్ని కిందకి ఉన్నాయి. ఏవి పెట్టాలి? మోటర్ ఏది?

జవాబు: మేడమ్, మన దేశంలో రెండూ ఉండేవి. చిన్న స్టేషన్లలో ఎక్కువగా కిందకి దిగేవే, లోయర్ క్వాడ్రంట్. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగు, 45 నుంచి 60 డిగ్రీలు కిందకి దిగితే రా. బండి స్టేషన్ కి వస్తుంటే ముందు అవుటర్, తర్వాత హోమ్. "బండి అవుటర్ లో ఆపేశారు" అని మన ఇళ్ళల్లో అందరూ అనే అవుటర్ అదే. చేప తోకలా చివర చీలిన చెయ్యి ఉంటే అది వార్నర్, విడి స్తంభం మీద ఉంటే దాని పైన ఎప్పుడూ వెలిగే ఆకుపచ్చ దీపం ఒకటి ఉంటుంది, లేకపోతే అవుటర్ స్తంభానికే చెయ్యి కింద చెయ్యిగా ఉంటుంది. డ్రైవర్ వైపు నుంచి చూస్తే చెయ్యి స్తంభానికి ఎడమ పక్క ఉండాలి, ముందువైపు ఎరుపు మీద తెల్ల పట్టీ, వెనక తెలుపు మీద నల్ల పట్టీ. ఈ రంగులు కుడి ఎడమ చేస్తే నాన్నగారు మొదట పట్టుకునేది అదే.

రెండో రకం అప్పర్ క్వాడ్రంట్, మూడు నిలకడలు, అడ్డంగా ఉంటే ఆగు, 45 పైకి ఉంటే జాగ్రత్త, నిలువుగా 90 కి వెళ్తే పో. నాన్నగారి పాత ఫోటోల్లో ప్లాట్‌ఫాం చివర స్తంభం ఎక్కడైనా పడిందేమో చూడండి, ఆయన్నే అడిగితే ఇంకా సులువు. కిందకి దిగేవైతే సర్వో గానీ స్లో మోషన్ మోటర్ గానీ పర్లేదు, మూడు నిలకడలదైతే మాత్రం సర్వోనే పెట్టండి, కాయిల్ మోటర్ కి గానీ స్లో మోషన్ మోటర్ కి గానీ మధ్యలో ఆగడం రాదు. వార్నర్ పెడితే దానికి విడి స్విచ్ ఇవ్వకండి, మెయిన్ లైను సిగ్నళ్ళన్నీ దిగితేనే అది దిగాలి, ఆగకుండా వెళ్ళిపోయే బండికే దాన్ని దించుతారు.

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్): పాయింట్ పక్కనుండే లూప్ లైనుకి ఉంటే మెయిన్ లైను సిగ్నల్ దిగకూడదు. అలాగే సిగ్నల్ డేంజర్ లో ఉంటే ఇంజను దానంతటదే ఆగాలి. కంప్యూటర్ లేకుండా అవుతుందా? నాది మామూలు డీసీ.

జవాబు: హాయిగా అవుతుంది. పాయింట్లనీ సిగ్నళ్ళనీ ఒకదానికొకటి ముడిపెట్టే ఏర్పాటుకి ఇంగ్లండ్ లో జాన్ సాక్స్‌బీ 1856 లోనే పేటెంట్ తీసుకున్నాడు, అప్పుడు కంప్యూటర్ ఎక్కడిది, అంతా ఇనప కడ్డీలే. మీకు రెండు వైర్లు చాలు. పాయింట్ కి టార్టాయిస్ లాంటి మోటర్ ఉంటే అందులోనే మార్పిడి కాంటాక్టులు రెండు సెట్లు ఖాళీగా ఉంటాయి. సిగ్నల్ దించమని చెప్పే వైరుని నేరుగా స్విచ్ కి కాకుండా ఒక కాంటాక్టు గుండా తిప్పండి, పాయింట్ మెయిన్ కి ఉంటేనే ఆ వైరు కలుస్తుంది. రెండో వైపు కాంటాక్టుని లూప్ సిగ్నల్ కి ఇవ్వండి. ఇక మీరు ఏ స్విచ్ వేసినా తప్పు సిగ్నల్ దిగదు. సర్వో అయితే ఆర్డుయినోకి వెళ్ళే స్విచ్ వైరునే ఇలా తిప్పండి, సర్వో పల్స్ వైరుని మధ్యలో తెంపకండి. మన సికింద్రాబాద్ తార్నాకలో 1957 నుంచి ఉన్న రైల్వే శిక్షణ సంస్థ ఇరిసెట్ లో సిగ్నల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి నేర్పే ఇంటర్‌లాకింగ్ మూల సూత్రం కూడా ఇదే, అడగడం స్విచ్ పని, ఇవ్వాలా వద్దా అన్నది పాయింట్ చెప్పాలి.

ఇంజను ఆగడానికి, సిగ్నల్ ముందు ఒక పట్టాని రెండు చోట్ల కరెంటు దాటనివ్వని ఇన్సులేటెడ్ జాయినర్ పెట్టి విడదీయండి, ఆ ముక్క మీ పెద్ద ఇంజను కంటే ఎక్కువ పొడుగుండాలి, 30, 40 సెంటీమీటర్లు తీసుకుంటే ఇంజను జారినా లోపలే ఆగుతుంది. ఆ ముక్కకి కరెంటు సిగ్నల్ తో పాటు మారే రిలే కాంటాక్టు నుంచి ఇవ్వండి, సిగ్నల్ దిగితే కరెంటు, ఎక్కితే లేదు. అందులో ఆగిన ఇంజను వెనక్కి రావాలంటే ఆ తెగిన చోట అడ్డంగా ఒక డయోడ్, 1ఎన్5401, వెయ్యండి, వెనక్కి నడిపే పోలారిటీలో మాత్రమే అది కరెంటు పోనిస్తుంది. తిప్పి వేస్తే సిగ్నల్ ని లెక్కచెయ్యకుండా ముందుకే పోతుంది, అప్పుడు డయోడ్ అటుదిటు మార్చండి. నా మటుకు నాకు ఇది అంత నచ్చదు, కరెంటు పోగానే బండి గోడకి కొట్టుకున్నట్టు టక్కున ఆగుతుంది, కంట్రోలర్ మీద చెయ్యి పెట్టి సిగ్నల్ చూస్తూ మెల్లగా ఆపడంలోనే మజా ఉంది. పిల్లలు నడిపే లేఅవుట్ కి మాత్రం పెట్టాల్సిందే.

ప్రశ్న (తెనాలి, ఎనిమిదో తరగతి): అంకుల్, నా దగ్గర సర్వో కొనడానికి డబ్బులు లేవు. ఇంట్లో పాత స్టెబిలైజర్, 12 వోల్టుల అడాప్టర్ ఉన్నాయి. వాటితో సిగ్నల్ కదిలించొచ్చా? కరెంటు పోతే సిగ్నల్ ఎటుండాలి?

జవాబు: కదిలించొచ్చు నాన్నా, పైగా నీ సిగ్నల్ కొన్నవాటి కంటే ఒక విషయంలో మేలు. స్టెబిలైజర్ లో రిలేలు ఉంటాయి, చిన్న పెట్టెల్లా. దాన్ని ప్లగ్గులోంచి తీసేసి, ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే విప్పు, రిలే మీద 12 వి డీసీ అని రాసుందో లేదో చూడు. పైన ప్లాస్టిక్ మూత జాగ్రత్తగా కోసి తీస్తే లోపల కాయిల్, దాని ముందు ఇనప రేకు కనపడతాయి, కరెంటిస్తే రేకు కాయిల్ కి టప్పున అతుక్కుంటుంది, తీసేస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. రేకు కదిలేది ఒక మిల్లీమీటరో ఇంకా తక్కువో, అందుకని దానికి సన్నటి గట్టి తీగ ఒకటి పొడుగ్గా అంటించు, తీగ చివర దగ్గర కదలిక మూడు నాలుగింతలవుతుంది, అక్కడ్నుంచి సిగ్నల్ కి కలుపు.

సిగ్నల్ కి కూడా ఏం కొనక్కర్లేదు. రెండు విజిటింగ్ కార్డులు కలిపి అంటించి చెయ్యి కత్తిరించు, గుండుసూది పిన్ను, తెగిపోయిన గిటార్ మొదటి తీగ దొరికితే లాగే తీగ, అయిపోయిన పెన్ను రీఫిల్ కోసి ఆ తీగ దూరే గొట్టం. చెయ్యికి పిన్ను అవతల వైపు కొంచెం తోక వదిలి దానికి సోల్డర్ ముక్క చుట్టు, ఆ బరువుకి చెయ్యి ఎప్పుడూ అడ్డంగా నిలబడాలి, రిలే దాన్ని కిందకి లాగాలి.

కరెంటు పోతే ఎటుండాలి అన్నావు చూడు, రిలే వదిలేస్తుంది, బరువు చెయ్యిని డేంజర్ కి తెచ్చేస్తుంది. అదే కరెక్టు. సర్వో అయితే ఉన్నచోటే ఉండిపోతుంది, దిగి ఉంటే దిగే ఉంటుంది. 1876 జనవరి 21న ఇంగ్లండ్ లో ఆబట్స్ రిప్టన్ దగ్గర మంచు తుఫానులో సిగ్నల్ చేతులు మంచు పట్టేసి దిగిన చోటే బిగుసుకుపోయాయి, కేబిన్ లో లీవర్ వెనక్కి వేసినా అవి ఎక్కలేదు. బొగ్గు గూడ్సు ఆగకుండా వచ్చేసింది, వెనకాల వచ్చిన ఎక్స్‌ప్రెస్ దాన్ని గుద్దింది, ఆ పడిపోయిన పెట్టెల మీదకి అవతల్నుంచి ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అప్పటిదాకా సిగ్నళ్ళని మామూలుగా దించి ఉంచేవాళ్ళు, ఆ తర్వాత నుంచి డేంజర్ లో ఉంచి బండి వచ్చినప్పుడే దించడం మొదలెట్టారు. నీ కార్డు సిగ్నల్ కూడా అలాగే పెట్టు, స్విచ్ వేస్తేనే దిగాలి.

కాయిల్ రెండు కాళ్ళ మధ్య 1ఎన్4007 డయోడ్ ఒకటి సోల్డర్ చెయ్యి, తెల్ల గీత ఉన్న వైపు ప్లస్ కి రావాలి, తిప్పి పెడితే అడాప్టర్ షార్ట్ అవుతుంది. అది లేకపోతే ఆపిన ప్రతిసారీ స్విచ్ లో నిప్పురవ్వ వచ్చి కొన్నాళ్ళకి స్విచ్ పాడవుతుంది. రిలే టప్పుమని కొడుతోంది, కదలిక మెల్లగా లేదు అనిపిస్తే కాయిల్ కి అడ్డంగా 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ కూడా ప్లస్ మైనస్ చూసి వెయ్యి, దిగడంలో తేడా పెద్దగా ఉండదు గానీ స్విచ్ ఆపాక చెయ్యి వెంటనే కాకుండా ఒక క్షణం ఆగి ఎక్కుతుంది.